మంచివని తేలేదాకా

ఫిబ్రవరి 9

వదినకి,

ఈ కాలంలో ఉత్తరమేంటని నవ్వకు. ఫోన్ చేస్తే ముందు అమ్మ ఎత్తుతుంది, తర్వాత అన్నయ్య లాక్కుంటాడు. నీ వంతు వచ్చేసరికి నేను అసలు సంగతైనా మర్చిపోతాను, మనిద్దరికీ గొడవైనా అవుతుంది. కాయితం మీదైతే నువ్వు నా మాటకి అడ్డం రాలేవు.

మా అద్దకం ఫ్యాక్టరీలో రంగునీళ్ళు నా తొట్లలోకి తారులా వస్తాయి. నేను శుద్ధి చేసి వదిలేసరికి ముఖం చూసుకునేంత తేటగా ఉంటాయి. ప్లాంటు ఇన్‌ఛార్జిగా నాకా గర్వం ఉంది, దాచుకోను. ఆ నీళ్ళు వెనకున్న కాలువలో కలుస్తాయి. కాలువ కింద ఒకాయన, ఆయన తమ్ముడు కలిసి సిమెంటు తొట్లలో చేపపిల్లల్ని పెంచుతారు. ఆయన్ని మేమంతా చేపలాయన అంటాం. పోయిన నెలనుంచి ఆ పిల్లలు చచ్చిపోతున్నాయి.

నిన్న బకెట్టుతో గేటు దగ్గరికి వచ్చాడు. చచ్చిన పిల్లలు అడుగున సన్నటి నూకల్లా ఉన్నాయి. అరుస్తాడనుకుని వాచ్‌మన్ ముందే కర్ర పట్టుకున్నాడు. ఆయన అరవలేదు. "అమ్మా, మీ నీళ్ళ వల్లనా, కాదా? అదొక్కటి చెప్పండి. కాదంటే ఇంకోచోట వెతుక్కుంటాను" అన్నాడు. పది రోజులు ఆగమన్నాను.

మీ ల్యాబు మాకిచ్చిన ఎనిమిది రిపోర్టులు ముందేసుకుని కూర్చున్నాను. అన్నిటిలోనూ ఒకటే వాక్యం, "శుభ్రమైన నీటితో పోలిస్తే గణనీయమైన తేడా లేదు" అని. ఇన్నాళ్ళూ సంతకం పెట్టి ఫైల్లో పడేశాను. ఇప్పుడు చదివితే అర్థమైనట్టే ఉంటుంది, అర్థం కాదు. మనుషుల భాషలో దానికి అర్థమేంటో చెప్పు. ఆయన నేనేం చెబితే అది నమ్మేలా ఉన్నాడు. నా భయమంతా అదే.

అమ్మ మోకాళ్ళెలా ఉన్నాయో కూడా రాయి.

జవాబు కోసం గేటు వైపే చూస్తున్న,
నీ ఆడపడుచు

ఫిబ్రవరి 13

మరదలు పిల్లకి,

మీ నీళ్ళు మా ల్యాబుకే వస్తాయన్నది నువ్వు రాస్తేనే తెలిసింది. మా చేతికొచ్చే సీసాల మీద నంబరే ఉంటుంది, ఊరూ పేరూ ఉండవు. ఇన్నాళ్ళూ మన చుట్టరికం సీసాలో కూర్చుని నన్ను చూసి నవ్వుతోందన్నమాట!

అత్తయ్య మోకాళ్ళకి నువ్వు ఫోన్ చేసిన రోజు నొప్పి తక్కువ. మందు నీ దగ్గరే ఉంది, చూసుకో.

ఇక నీ ప్రశ్న. నా గదిని ఇక్కడ పురిటి వార్డంటారు, నన్ను మంత్రసాని అంటారు. నా బాలింతలు ఆవగింజలో సగం కూడా లేని నీటిపురుగులు. వాటి ఒళ్ళు అద్దంలా ఉంటుంది, కడుపులో గుడ్లు పైకే కనిపిస్తాయి. మగాళ్ళ ప్రమేయం లేకుండానే కనేస్తాయి. ఈ ముక్క చెప్పాక మీ అన్నయ్య రెండు రోజులు ముభావంగా తిరిగాడు. ఒక్కో తల్లిని ఒక్కో కప్పులో పెడతాం. కొన్ని కప్పుల్లో శుభ్రమైన నీళ్ళు, కొన్నిట్లో ఫ్యాక్టరీ నీళ్ళు. వారం పాటు రోజూ పిల్లల్ని లెక్కపెడతాం.

అయితే అన్ని కడుపులూ ఒకటి కావు. అవే నీళ్ళలో ఒకావిడ ముప్ఫైమందిని కంటుంది, పక్కావిడ పన్నెండుతో సరిపెడుతుంది. ఆ ఎగుడుదిగుళ్ళని మించి తేడా పైకి కనబడితేనే "గణనీయమైన తేడా" అని రాస్తాం. కనబడకపోతే లేదని రాస్తాం. అంటే, మాకు తేడా కనిపించలేదని. దీని వెనక ఇంకా చెప్పాల్సింది ఉంది, తీరిగ్గా రాస్తాను. పిల్లల్ని లెక్కపెట్టే వేళైంది. నా బాలింతలు ఎవరికోసం ఆగరు.

చేతులు కడుక్కుని మళ్ళీ కప్పుల దగ్గరికి వెళ్తున్న,
వదిన

ఫిబ్రవరి 19

వదినకి,

నీ ఉత్తరం నా నెత్తిన పాలు పోసింది. చదివిన పూటే చేపలాయన తొట్ల దగ్గరికి వెళ్ళాను. "మా నీళ్ళలో ఏమీ లేదు. పరీక్ష చేసే ల్యాబులో మా వదినే ఉంది, ఆవిడే రాసింది" అని చెప్పాను. ఆయన దండం పెట్టబోతే వద్దన్నాను.

నీళ్ళు కాకపోతే ఇక మేతేగా అన్నాడాయన. మేత కలిపేది తమ్ముడు. అతను అక్కడే తొట్టి కడుగుతున్నాడు. "పదేళ్ళనుంచి ఇదే మేత కలుపుతున్నాను అన్నయ్యా" అన్నాడు. మాటా మాటా పెరిగింది. "నీ చేతి చలవే ఇది" అనేశాడు పెద్దాయన. అతను చీపురు గోడకి ఆనించి, లోపలికెళ్ళి సంచీ సర్దుకుని బయటికి నడిచాడు. నాకు ఇబ్బందిగానే అనిపించింది, కానీ అన్నదమ్ముల మధ్య నేనేం మాట్లాడతాను! ఎలాగైతేనేం, కారణం దొరికింది. ఈ నెలాఖరుకి కాలుష్యం తనిఖీవాళ్ళు వస్తే నేను తలెత్తుకుని చెప్పొచ్చు.

తీరిగ్గా రాస్తానన్నావుగా, అత్తాకోడళ్ళ కబుర్లు రాయి. పురుగుల సంగతి చాలు.

గుండెల మీద బరువు దిగిన,
నీ ఆడపడుచు

ఫిబ్రవరి 23

మరదలా,

నేను అలా రాయలేదు. నా ఉత్తరం మళ్ళీ తీసి చదువు. మాకు తేడా కనిపించలేదన్నాను. నీళ్ళలో ఏమీ లేదని అనలేదు.

మొన్న అత్తయ్య కళ్ళజోడు కనబడలేదు. కరెంటు లేని వంటింట్లో ఒకసారి తొంగిచూసి "ఇంట్లో లేదు, ఎవరో తీశారు" అని తేల్చేశారు. నా వైపే చూశారు కూడా. కళ్ళజోడు ఆవిడ దిండు కిందే ఉంది. వెతకడం సరిగ్గా లేకపోయినా దొరకదు, వస్తువు లేకపోయినా దొరకదు. చూసేవాళ్ళకి రెండూ ఒకేలా ఉంటాయి. ఇదీ నేను తీరిగ్గా రాద్దామనుకున్నది. ఆ పూటే రాయాల్సింది.

మా ల్యాబుకి కొత్తగా ఒక లెక్కలాయన వచ్చాడు. పాత రిపోర్టులన్నీ తిరగేసి, "మీరు పెట్టే కప్పులు ఆరు. ఆ ఆరింట్లో ఈ ఎగుడుదిగుళ్ళు చూస్తే, మూడోవంతు పిల్లలు తగ్గినా మీ పరీక్షకి కనిపించదు" అన్నాడు. ఆ కప్పులు పెట్టింది నేనే.

ఆయన చెప్పిన కొత్త పద్ధతి తలకిందులుగా ఉంటుంది. ముందే నీళ్ళు చెడ్డవనుకుంటాం. శుభ్రమైన నీళ్ళలో పుట్టినవాళ్ళలో ముప్పావువంతుకి తగ్గకుండా వీటిలోనూ పుడుతున్నారని ఆ నీళ్ళే రుజువు చేసుకోవాలి. చేసుకోలేకపోతే చెడ్డవే. అందరూ నోరు తెరుచుకుని వింటుంటే నాకు నవ్వొచ్చింది. నేను కాపురానికొచ్చిన మొదటేడు మీ అమ్మ నా మీద వాడింది అచ్చంగా ఈ పద్ధతే!

మీ నీళ్ళు మళ్ళీ పంపించు. ఈసారి కొత్త పద్ధతిలో చూస్తారు. నువ్వు నా ఆడపడుచువని మా హెడ్డుకి చెప్పేశాను, కాబట్టి నేను ఈ పరీక్షకి దూరంగా ఉంటాను. ఈలోపు దయచేసి ఆయనకి వెళ్ళి చెప్పు, మా నీళ్ళ సంగతి ఇంకా తేలలేదని.

కంగారుగా,
వదిన

మార్చి 1

వదినకి,

బాగుంది. ఎనిమిదిసార్లు పాసని రాసిచ్చి, ఇప్పుడు ముందే దొంగననుకుని దొంగను కాదని నన్నే నిరూపించుకోమంటావా? అమ్మ నిన్ను అలా చూసిందని ఇన్నేళ్ళకి నా మీద తీర్చుకుంటున్నట్టుంది. ఆ మొదటేడు నేను నీ పక్షాన ఎన్నిసార్లు మాట్లాడానో నీకు గుర్తుండదు.

పైగా నువ్వు దూరంగా ఉంటావట! కష్టమొచ్చేసరికి చల్లగా చేతులు దులుపుకున్నావు. నా పరువు నీ పరువు కాదా?

తనిఖీవాళ్ళ రాక వాయిదా పడింది. చేపలాయనకి ఏమీ చెప్పలేదు. నిన్న మంచివని, ఇవాళ తెలీదని అంటే మనిషి ఏమనుకుంటాడు? నీళ్ళు పంపిస్తాను. పాసవుతాయి. అప్పుడు నువ్వే వచ్చి ఆయనకి చెప్పు.

ఆడపడుచు

మార్చి 5

మరదలు పిల్లకి,

కోపం వచ్చినప్పుడు నీ అక్షరాలు అచ్చం అత్తయ్య అక్షరాల్లా కుడివైపుకి వాలిపోతాయి. ఆవిడకి చూపిస్తే మురిసిపోయారు.

అన్నీ గుర్తున్నాయి. నీళ్ళ బిందె పగలగొట్టింది నేను కాదని ఇంటిల్లిపాదిలో చెప్పింది నువ్వొక్కదానివే. అప్పుడు నీకు పద్నాలుగేళ్ళు. అందుకే నీ మీద తీర్చుకునే కసి నాకు లేదు. ఉంటే ఇంత శ్రమపడి ఉత్తరాలు రాయను.

ఇప్పుడు విను. దొంగవని అంటున్నది నిన్ను కాదు, నీళ్ళని. నువ్వూ నీళ్ళూ ఒకటే అనుకోవడం మానెయ్యి. పాత పద్ధతిలో ల్యాబు ఎంత అజాగ్రత్తగా చేస్తే చెడ్డ నీళ్ళకి అంత లాభం. లెక్కలు చెల్లాచెదురైతే ఏ తేడా కనబడదు, ఫ్యాక్టరీ పాసు. కొత్త పద్ధతిలో అజాగ్రత్తగా చేస్తే మంచి నీళ్ళు కూడా ఫెయిలవుతాయి. అందుకని అందరూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తున్నారు. ఇరవై కప్పులు పెడుతున్నారు. కిటికీ పక్కనున్న కప్పులు వెచ్చబడి ఎక్కువ కంటున్నాయని నేనెప్పుడో గమనించాను, కానీ ఏం చెయ్యాలో తోచలేదు. లెక్కలాయన చీటీలు తీసి ఏ కప్పు ఎక్కడ ఉండాలో నిర్ణయిస్తున్నాడు.

నేను తప్పుకున్నదీ నీకోసమే. నేను లెక్కపెట్టి పాసైతే, ఆడపడుచు కాబట్టి లెక్క పెంచి రాసిందంటారు. ఆ పాసు నీకెందుకూ పనికిరాదు.

ఒకే రోజు నీళ్ళు పంపకు. వారంలో మూడు రోజులవి పంపు. బట్టకి మెత్తదనం కోసం కొన్ని రోజులు మందు వేస్తారని పండక్కి వచ్చినప్పుడు అన్నావుగా, ఆ రోజువి తప్పకుండా ఉండాలి.

అలిగినా సరే, సీసాల మూతలు గట్టిగా బిగించమంటున్న,
వదిన

మార్చి 11

వదినకి,

సీసాలు పంపించాను. మెత్తదనం మందు రోజువి కూడా. ఆ రోజువి ఇంతకుముందెప్పుడూ వెళ్ళలేదని సీసా కడుగుతుంటే తట్టింది. మా దగ్గర శాంపిల్ ఎప్పుడూ వారం మొదటిరోజు పొద్దున్నే పడతాం, సెలవు మర్నాడు, యంత్రాలింకా పూర్తిగా తిరగకముందు. కావాలని కాదు. వ్యాను ఆ రోజే వస్తుంది.

మేనేజరు నన్ను పిలిచి "పాసైన పరీక్ష మళ్ళీ రాయడమేంటి?" అన్నాడు. మా వదిన చెప్పిందన్నాను. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

చేపలాయన తమ్ముడు బస్టాండు పక్కన సామాను మోస్తున్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. అతను తల తిప్పుకోవాల్సిన పని ఏముందని అప్పట్నుంచీ ఆలోచిస్తున్నాను. నీళ్ళు మంచివని నేను అన్న క్షణమే ఇంకొకరు చెడ్డవాళ్ళైపోవాల్సి వచ్చింది. అతని మేతకి ఏ కప్పూ పెట్టలేదు, ఎవరూ ఏదీ లెక్కపెట్టలేదు.

పాసవ్వాలని చాలా కోరుకుంటున్నాను వదినా. నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

నీ ఆడపడుచు

మార్చి 24

తల్లీ,

రిపోర్టు మీ ఆఫీసుకి వెళ్ళిపోయింది. అది వెళ్ళాకే హెడ్డు నాకు చూపించాడు. ముందు కుర్చీలో కూర్చో.

ఫెయిలు. శుభ్రమైన నీళ్ళలో ఒక్కో తల్లి సగటున ఇరవైనలుగురిని కంది. మీ నీళ్ళలో పదహారుమందిని. పెద్దగా చెల్లాచెదురు లేదు, అనుమానానికి చోటు లేదు. లెక్కపెట్టినవాళ్ళకి ఏ కప్పులో ఏ నీళ్ళో కూడా తెలియదు.

ఇంకోటి చెప్పకుండా ఉండలేను. పాత ఎనిమిది రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఏడుసార్లు మీ నీళ్ళలోనే పిల్లలు తక్కువ. విడివిడిగా చూస్తే ఒక్కోసారీ చిన్న తేడానే, ఎగుడుదిగుళ్ళలో కలిసిపోయేదే. కానీ ప్రతిసారీ అటువైపే ఎందుకు ఒరిగిందని ఎవరూ అడగలేదు. ఆ పిల్లల్ని లెక్కపెట్టిన నేనూ అడగలేదు. అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. అత్తయ్య ఏమీ అడక్కుండా వచ్చి పక్కన కూర్చున్నారు.

ఒక్క జాగ్రత్త. నీటిపురుగులు తక్కువ కన్నంత మాత్రాన ఆయన చేపపిల్లలు అందుకే చచ్చాయని తేలినట్టు కాదు. మీ నీళ్ళు మంచివని తేలలేదు, అంతవరకే మనకి తెలుసు. మళ్ళీ ఒక మాట ఎక్కువా చెప్పకు, తక్కువా చెప్పకు.

నీ పక్కనే ఉన్నాననుకో.
వదిన

ఏప్రిల్ 6

వదినకి,

రిపోర్టు వచ్చిన రోజే కాలువలోకి నీళ్ళు వదిలే వాల్వు మూసేశాను. దాని తాళం నా దగ్గరే ఉంటుంది. నీళ్ళు వెళ్ళే దారి లేక తొట్లు నిండిపోయాయి, అద్దకం ఆపక తప్పలేదు. మేనేజరు ఎనిమిది పాసులూ నా బల్ల మీద పరిచి, "వీటిని వదిలేసి ఆ ఒక్కదాన్ని నమ్ముతావా?" అన్నాడు. నువ్వు చెప్పిన ఆ ఏడింట్లో పిల్లలు తక్కువున్న చోటల్లా వేలు పెట్టి చూపించాను. చాలాసేపు చూశాడు. మర్నాడు తనిఖీవాళ్ళ ముందు నేను చెబుతుంటే అడ్డం రాలేదు. మెత్తదనం మందు ఆపేశారు, బొగ్గు వడపోత ఇంకోటి కడుతున్నారు. మళ్ళీ మీ ల్యాబులో రుజువు చేసుకున్నాకే వాల్వు తెరవాలని ఉత్తర్వు. ఈ ఏడు నా ప్రమోషన్ మాట ఎవరూ ఎత్తడం లేదు. నాకూ ఎత్తాలని లేదు.

చేపలాయన దగ్గరికి వెళ్ళడమే కష్టమైంది. తిడితే బాగుండుననుకుంటూ నడిచాను. ఆయన ఒక్కడే తొట్టి గట్టుమీద కూర్చున్నాడు. నువ్వు చెప్పినట్టే ఎక్కువా తక్కువా లేకుండా చెప్పాను. "మా నీళ్ళు మంచివని నేనన్నది తప్పు. పరీక్షలో అవి మంచివని తేలలేదు. మీ చేపలకి వాటివల్లే ఇలా అయిందని తేలలేదు. కానీ మీ తమ్ముడి మేత చెడ్డదని కూడా ఎవరూ తేల్చలేదు" అన్నాను.

ఆయన నన్ను తిట్టలేదు. "ఇది కాయితం మీద రాసిస్తారా? నేను చెబితే వాడు నమ్మడు" అన్నాడు. అక్కడే మోకాలి మీద పెట్టుకుని రాశాను. గణనీయమైన అన్న మాట ఒక్కచోట కూడా రాయలేదు వదినా.

బస్టాండుకి ఇద్దరం వెళ్ళాం. తమ్ముడు కాయితం చదివాడు, మడిచి నాకే ఇచ్చేశాడు. నన్ను దాటి అన్నని చూస్తూ, "అయితే మేతలో ఏం లేదని పరీక్షలో వచ్చిందా?" అని అడిగాడు.

పెద్దాయనే చెప్పాడు.

"లేదురా. నీ మేత నేను పరీక్ష చేయించనే లేదు."

అతను నెత్తిమీద చుట్టుకున్న తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. తర్వాత ముగ్గురం ఒకే బస్సెక్కాం. నిన్న కొత్త పిల్లల్ని తొట్లలో వేశారు. మేత అతనే కలిపాడు.

అమ్మకి చెప్పు, ఆదివారం వస్తున్నానని. ఆ బిందె పగలగొట్టింది నేనే. అది కూడా ఆరోజే చెబుతాను.

నీ ఆడపడుచు